మ్యూరియలమ్మ గురువారాలు

ఇరవై మూడేళ్లుగా ఈ వీధులకు ఉత్తరాలు పంచుతున్నాను. కవరు పట్టుకుంటే చాలు, లోపల ఏముందో చెప్పగలను. పెళ్లి శుభలేఖ బరువుగా ఉంటుంది. ఆసుపత్రి నుంచి వచ్చేది పల్చగా ఉంటుంది. బ్యాంకు నుంచి వచ్చేదానికి అడ్రసు కనబడేలా ముందువైపు చిన్న కిటికీ ఉంటుంది. వేసవి వచ్చిందంటే శనివారం పొద్దున మ్యూరియల్ హెస్కెత్ ఇంటి తలుపు సందులోంచి అలాంటి కిటికీ కవరు ఒకటి లోపలికి తోయడం నా పని. వానలు పడిన వారమైతే తప్పకుండా ఉండేది.

మ్యూరియలమ్మకు అప్పటికి అరవై ఆరేళ్లు. మా బ్లాక్‌పూల్ సముద్రపు ఒడ్డు ఇసుకలో గాడిదలు నడుపుతుంది. వాళ్ల తాత నడిపాడు, నాన్న నడిపాడు, మొగుడు పోయాక ఆమె ఒక్కతే నడుపుతోంది. పిల్లనో పిల్లవాణ్నో ఎక్కించుకుని సముద్రంలోకి కట్టిన పియర్ వంతెన దాకా వెళ్లి తిరిగి వస్తే రెండు పౌండ్లు. గాడిద అనే మాట మా ఊళ్లో తిట్టు కాదు. మా గాడిదలు ఉద్యోగస్థులు. పొద్దున పదింటికి పనిలోకి రావాలి, మధ్యాహ్నం గంటసేపు భోజనానికి వదలాలి, రాత్రి ఏడు దాటితే ఎక్కించకూడదు, శుక్రవారం పూర్తిగా సెలవు. మున్సిపాలిటీ వాళ్లు రాసిపెట్టిన రూలు ఇది. మాకూ ఇలాంటి రూలు పెట్టమని మా తపాలా ఆఫీసు పెద్దను అడిగితే, "నోయెల్, నువ్వు గాడిదవి కాదు కదా" అన్నాడు. అక్కడికి నేనేదో ఎక్కువైనట్టు.

ఆమెకు ఆరు గాడిదలు. వాటిలో హ్యూబర్ట్ అనే ముసలిది ముందు నడిస్తే తక్కిన ఐదూ వెనక నడుస్తాయి. హ్యూబర్ట్‌కి ఇరవై ఆరేళ్లు, కుడిచెవి కొంచెం వంకర, నెత్తిన గడ్డిటోపీ. సెలవు రోజు శుక్రవారం కాబట్టి మ్యూరియలమ్మ బ్యాంకుకు వెళ్లేది కూడా శుక్రవారమే. వారమంతా వచ్చిన చిల్లర మూటలు కట్టి హ్యూబర్ట్ వీపు మీద వేసుకుని వెళ్లేది. సెలవు రోజున గాడిద చేత పని చేయించకూడదు కదా అని నేనోసారి ఏడిపిస్తే, "పని కాదు నాయనా, షికారు. వాడికి బ్యాంకంటే ఇష్టం" అంది. నిజమే కాబోలు. బ్యాంకు గుమ్మం ముందు ఎవరూ చెప్పకుండానే ఆగేవాడు, వాన పడితే లోపలికి వచ్చి గుమ్మం పక్కన నిలబడేవాడు. కౌంటర్లో ఉండే లోరెయిన్ పిప్పరమెంటు బిళ్ల పెట్టేది.

ఇంత చెప్పాక మ్యూరియలమ్మ గురించి ఇంకో ముక్క చెప్పకపోతే కథ అర్థం కాదు. ఆమె మొహమాటానికి అంతూపొంతూ లేదు. బస్సులో ఎవడైనా ఆమె కాలు తొక్కితే, ఆమే "అయ్యో, క్షమించండి" అంటుంది. ఓసారి నా కళ్లతో చూశాను, దీపస్తంభానికి తగిలి దానికి క్షమాపణ చెప్పుకుంది. మా ఊళ్లో ఈ జబ్బు అందరికీ కాస్తో కూస్తో ఉంది కానీ, ఆమెకు ముదిరింది.

ఆ ఫిబ్రవరిలో ఒక శనివారం ఉత్తరం వేయబోతుంటే తలుపు తెరుచుకుంది. మ్యూరియలమ్మ ముక్కు ఎర్రగా ఉంది.

"ఉల్లిపాయలు తరుగుతున్నా నాయనా" అంది నేను అడగకుండానే.

"ఇంట్లో ఉల్లిపాయ వాసనే లేదు కదమ్మా" అన్నాను.

"నీకు తొందరుంటే వెళ్లు. లేకపోతే టీ పెడతా."

తొందరుంది. అయినా లోపలికి వెళ్లాను. టీ అరకప్పు తాగేసరికి సంగతి బయటికి వచ్చింది. గాడిదలు ఉండేది ఊరి చివర థ్రెల్‌ఫాల్ అనే రైతు దొడ్లో. దొడ్డి అద్దెకు ప్రతి సోమవారం ఆమె చెక్కు రాసి ఇస్తుంది. గడ్డి కూడా ఆయన దగ్గరే కొంటుంది. ఆ చలికాలం గడ్డి బాకీ ఆరువందల నలభై పౌండ్లయింది. మొన్న థ్రెల్‌ఫాల్ టోపీ తీసి చేత్తో పట్టుకుని వచ్చాడట.

"హ్యూబర్ట్‌ని కొన్నాళ్లు విడిగా నా కొట్టంలో ఉంచుకుంటే మీకేమన్నా ఇబ్బందా మ్యూరియల్ గారూ, బాకీ తీరేదాకా, అన్నాడు నాయనా."

"నువ్వేమన్నావు?"

"అబ్బే, ఇబ్బందేముంది, అన్నా."

"ఇబ్బందేముందా?" నాకు ఒళ్లు మండింది. "వాడు లేకపోతే తక్కిన ఐదూ అడుగు తీసి అడుగు వేస్తాయా?"

"వెయ్యవు. ఆయన కూడా పాపం ఎంత మర్యాదగా అడిగాడో. జూన్ నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. తర్వాత ఎక్కడో దూరాన కార్న్‌వాల్ నుంచి ఎవరో పూలమొక్కలు అమ్మేవాళ్లు తీసుకుపోతారట. కొనడానికి వచ్చినవాళ్ల పిల్లలు చూడ్డానికి తోటలో కట్టేస్తారట. వాడికి పూలు పడవు నాయనా, తుమ్ముతాడు." ఆ మాట అంటూ ఉల్లిపాయలు లేకుండానే కళ్లు తుడుచుకుంది.

ఆరువందల నలభై ఏమైంది, గాడిదలు వేసవంతా నడిచాయి కదా అని అడిగాను. ఆమె అలమరలోంచి పెద్ద బిస్కెట్ల డబ్బా తీసి మూత తెరిచింది. నిండా నేను వేసిన కిటికీ కవర్లే. తేదీల వారీగా సర్ది, రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. ప్రతిదాంట్లోనూ ఒకే పాట. మీ ఖాతాలో డబ్బు చాలనందున చెక్కు తిప్పి పంపాము, ఇందుకు గాను ముప్పై రెండు పౌండ్లు తీసుకున్నాము. నలభై పౌండ్ల చెక్కు తిప్పి పంపినందుకు ముప్పై రెండు. తేదీలు చూశాను. అన్నీ గురువారాలు.

"థ్రెల్‌ఫాల్ నీ చెక్కు గురువారం వేస్తాడా?"

"అవును."

"నువ్వు డబ్బు వేసేది శుక్రవారం. ఆయన్ని ఒక్కరోజు ఆగి వెయ్యమని చెప్పొచ్చు కదమ్మా."

మ్యూరియలమ్మ నేనేదో బూతు మాట అన్నట్టు చూసింది. "ఆయన చెక్కు, ఆయన ఇష్టం. ఎప్పుడు వేసుకోవాలో చెప్పడానికి నేనెవర్ని? పైగా నా ఖాతాలో డబ్బుల్లేవని నా నోటితో ఎలా చెప్పను?"

"చెక్కు తిరిగొస్తే ఆయనకి తెలీదా?"

"తెలుస్తుందేమో. పాపం, ఎప్పుడూ ఒక్క మాట అనలేదు."

నేను టీ కప్పు కింద పెట్టి లేచాను. అనాల్సినవన్నీ ఆ సాయంత్రం మా ఆవిడతో అన్నాను.

ఆ రోజుల్లో ఏ పేపరు తిరగేసినా ఇదే గోల. బ్యాంకులు ఇలా తీసుకున్న జరిమానాలు అన్యాయమనీ, ఆరేళ్ల వెనక్కి లెక్క కట్టి తిరిగి అడగొచ్చనీ, అడిగినవాళ్లకు వస్తున్నాయనీ రాసేవాళ్లు. ఎలా అడగాలో నమూనా ఉత్తరం కూడా అచ్చువేశారు. నేను దాన్ని కత్తిరించి సోమవారం ఆమె బల్ల మీద పెట్టాను. ఇద్దరం కూర్చుని డబ్బాలోని కవర్లు లెక్కపెట్టాం. ఆరేళ్లలో అరవై ఒకటి. వెయ్యిన్నీ తొమ్మిదివందల యాభై రెండు పౌండ్లు. మ్యూరియలమ్మ పెన్సిలు కింద పెట్టి, "ఇదంతా హ్యూబర్ట్ నడిచిన డబ్బు" అంది.

నమూనాలో నాలుగు వాక్యాలున్నాయి. నా డబ్బు నాకు ఇవ్వండి, పద్నాలుగు రోజులు గడువు, లేకపోతే కోర్టుకు వెళ్తాను, ఇట్లు. దాన్ని ఎత్తి రాయమన్నాను. మర్నాడు వెళ్లి చూస్తే ఆమె ఉత్తరం మూడు పేజీలుంది.

"అయ్యా, ఇంత పని ఒత్తిడిలో మీకు శ్రమ ఇస్తున్నందుకు మన్నించండి" అని మొదలైంది. మధ్యలో లోరెయిన్ ఎంత మంచిపిల్లో ఒక పేరా. నా డబ్బు ఇవ్వండి అన్న చోట, "మీకు వీలైతే, ఇబ్బంది లేకపోతే, ఒకవేళ ఇదంతా నా పొరపాటే అయితే ఈ ఉత్తరం చించేయండి" అని ఉంది. చివర అక్కడ వాతావరణం బాగుందని తలుస్తాను అని రాసింది.

"ఇది బాకీ అడగడమా, పెళ్లివారికి కబురా?" అన్నాను.

"మరీ మొహం మీద కొట్టినట్టు రాస్తే ఎలా నాయనా?"

నెత్తీ నోరూ కొట్టుకుని నాలుగుసార్లు తిరగరాయించాను. ఐదోసారి నమూనా నమూనాలాగే వచ్చింది. వాతావరణం మాత్రం తీయనివ్వలేదు.

బ్యాంకు పెద్దాఫీసు నుంచి జవాబు వచ్చింది. మా జరిమానాలు న్యాయమైనవే, అయినా మీ మీద సద్భావంతో నూట యాభై పౌండ్లు ఇస్తాము, దీనితో సరి అనుకోండి అని దాని సారాంశం. మ్యూరియలమ్మ సంబరపడిపోయింది. వాళ్లకు కృతజ్ఞతలు చెబుతూ కార్డు కొనడానికి కోటు వేసుకుంది.

"కూర్చో" అన్నాను. "నీ దగ్గర దాదాపు రెండు వేలు పట్టుకుపోయి నూట యాభై ఇస్తుంటే దాన్ని సద్భావం అంటారా? గాడిద గుడ్డు అంటారు."

"ఇచ్చింది వద్దంటే ఏమనుకుంటారు?"

"హ్యూబర్ట్ తుమ్ముతూ పూలతోటలో చస్తే ఏమనుకుంటావు?"

కోటు విప్పింది. మార్చి నెలలో కోర్టులో కాగితం వేశాం. ఫీజు నూట ఇరవై నేనిచ్చాను. మా ఆవిడకు చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది.

ఈస్టరుకు సీజను మొదలైంది. మ్యూరియలమ్మ ఐదు గాడిదలనూ ఇసుకలోకి తోలుకొచ్చింది. అక్కడిదాకా లారీలో వచ్చాయి కాబట్టి సరిపోయింది. దిగాక ఐదూ వరసగా నిలబడ్డాయి. పిల్లల్ని ఎక్కించింది. నిలబడే ఉన్నాయి. క్యారెట్ చూపించింది, తిన్నాయి, నిలబడ్డాయి. నేను టోపీ పెట్టుకుని ముందు నడిచి చూపించాను. ఐదూ నా వంక జాలిగా చూశాయి. ఒక తండ్రి వచ్చి, "కదలని గాడిదకు రెండు పౌండ్లెందుకమ్మా?" అన్నాడు. మ్యూరియలమ్మ క్షమాపణ చెప్పి డబ్బు వెనక్కిచ్చి పైగా పిల్లవాడికి ఐస్‌క్రీం కొనిపెట్టింది. అలా వ్యాపారం చేసింది రెండున్నర నెలలు. ఫొటోలు తీసుకునేవాళ్లు యాభై పెన్నీలు ఇచ్చేవాళ్లు, అదే రాబడి. హ్యూబర్ట్ ఏమో రోజూ పొద్దున థ్రెల్‌ఫాల్ కొట్టం గోడ మీదుగా తల చాచి, లారీ ఎక్కే ఐదింటినీ చూసేవాడు. మ్యూరియలమ్మ వెళ్లి వాడి చెవి సవరించి వచ్చేది. థ్రెల్‌ఫాల్ అక్కడే నిలబడి, "ఇవాళ మబ్బు పట్టేట్టుంది" అనేవాడు. "వాన పడితే పడనివ్వండి, మొక్కలకు మంచిదే" అనేది ఆమె. అంతే వాళ్ల సంభాషణ. ఎనిమిదేళ్లుగా అంతే.

కోర్టు కాగితానికి బ్యాంకు జవాబు రాయలేదు. గడువు దాటింది. మ్యూరియలమ్మ గెలిచినట్టు కోర్టు తీర్పు వచ్చింది, డబ్బు రాలేదు. అలాంటప్పుడు ఇంకో యాభై ఐదు పౌండ్లు కడితే కోర్టు తన అమీనాను పంపుతుంది. అమీనా వెళ్లి బాకీదారు సామాను జప్తు చేస్తాడు. అదీ నేనే కట్టాను. నా డబ్బు, అసలు, అన్నీ కలిపి రెండు వేల నూట ఇరవై ఏడు అయింది. ఎన్నో ఇళ్లకు అమీనా రావడం చూశాను కానీ, బ్యాంకుకు వెళ్లడం అదే మొదటిసారి చూడబోతున్నాను. నిద్ర పట్టలేదంటే నమ్మండి.

అమీనా పేరు గ్రిమ్‌షా. పొడుగ్గా, దిగులుగా ఉంటాడు. ఏ రోజు రమ్మంటారు అని ఫోను చేస్తే మ్యూరియలమ్మ, "శుక్రవారమైతే గాడిదలకు సెలవు, మీకు వీలవుతుందా బాబూ" అని అడిగింది. అలా జూన్ ఇరవై తొమ్మిది ఖాయమైంది. అది నెలలో చివరి శుక్రవారం. హ్యూబర్ట్‌ను ఎక్కించుకుని థ్రెల్‌ఫాల్ బండి మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఊరు దాటి కార్న్‌వాల్ దారి పట్టాలి. దారిలో పన్నెండున్నరకు బ్యాంకు ముందు ఒక్క నిమిషం ఆపుతానని, ఆమె చివరిసారి చూసుకోవచ్చని థ్రెల్‌ఫాల్ కబురు పెట్టాడు.

నేను ఉత్తరాలు ముగించుకుని పన్నెండింటికి బ్యాంకులోకి వెళ్లాను. లోపల క్యూ గుమ్మం దాకా ఉంది. జనమంతా మధ్యాహ్నమే వస్తారు కాబట్టి బ్యాంకువాళ్లు అప్పుడే భోజనానికి వెళ్తారు. మూడు కౌంటర్లలో లోరెయిన్ ఒక్కతే ఉంది. మ్యూరియలమ్మ ఎక్కడుందా అని చూశాను. క్యూలో పదిహేడో మనిషి. ఆమె వెనక పద్దెనిమిదో మనిషి కోర్టు అమీనా, చేతిలో జప్తు కాగితం.

దగ్గరికి వెళ్లి, "మీరు క్యూలో ఎందుకు నిలబడ్డారండీ?" అని గ్రిమ్‌షాను అడిగాను.

"వీళ్లంతా ముందొచ్చారు కదా" అన్నాడు.

"మీరు బ్యాంకును జప్తు చెయ్యడానికి వచ్చారు."

"అయితే? క్యూ తోసుకుపొమ్మంటారా?" అన్నాడు, నేనేదో దొంగతనానికి పురమాయించినట్టు. ముందు నిలబడ్డ ముసలాయన వెనక్కి తిరిగి నన్ను కొరకొరా చూశాడు. మ్యూరియలమ్మ నా చెయ్యి గిల్లి, "నువ్వూరుకో నాయనా, అందరూ చూస్తున్నారు" అంది.

నేనూ పంతొమ్మిదో మనిషినై నిలబడ్డాను. ఇంకేం చెయ్యను?

పన్నెండున్నరకు బయట బండి ఆగింది. కిటికీలోంచి గడ్డిటోపీ కనబడింది. మ్యూరియలమ్మ అటు చూసింది, చేతిసంచీ గట్టిగా పట్టుకుంది, వరస మాత్రం వదల్లేదు. అప్పటికి మా ముందు ఆరుగురున్నారు. అందులో ఒకావిడ మనవరాలి ఫొటోలు లోరెయిన్‌కు చూపిస్తోంది. నా తల ప్రాణం తోకకొచ్చింది.

పన్నెండు నలభైకి కౌంటరు దగ్గరికి చేరాం. గ్రిమ్‌షా కాగితం అద్దం కింద నుంచి తోశాడు. లోరెయిన్ చదివి, మ్యూరియలమ్మను చూసి, పెదవి కొరుక్కుని నవ్వాపుకుంటూ మేనేజరును పిలిచింది. మేనేజరు పెంబర్టన్ కుర్రాడు, టై మీద శాండ్‌విచ్ ముక్క ఉంది.

"నమస్కారమండీ" అన్నాడు గ్రిమ్‌షా. "రెండు వేల నూట ఇరవై ఏడు పౌండ్లు. ఇవ్వకపోతే సామాను తీసుకెళ్లాలి. ఆ కంప్యూటర్లు నాలుగూ రాసుకుంటాను."

"అవి మావి కావండీ, అద్దెవి" అన్నాడు పెంబర్టన్.

"సరే, కుర్చీలు."

"అవీ అద్దెవే."

"ఆ మొక్క?"

"మొక్కల కంపెనీదండీ. వారానికోసారి వాళ్లే వచ్చి నీళ్లు పోస్తారు."

గ్రిమ్‌షా గోడ గడియారం వంక, తివాచీ వంక, గొలుసుతో కట్టేసిన పెన్ను వంక చూశాడు. పెంబర్టన్ ఒక్కోదానికీ తల అడ్డంగా ఊపాడు. మా వెనక క్యూ మొత్తం చెవులు రిక్కించి వింటోంది. ఎవరూ వింటున్నట్టు కనబడకుండా అందరూ పైకప్పు చూస్తున్నారు.

గ్రిమ్‌షా కలం మూసి నెమ్మదిగా అడిగాడు. "మరి ఈ బ్యాంకులో మీదంటూ ఏముందండీ? డబ్బు మీదేనా, అదీ అద్దెదా?"

పెంబర్టన్ టై మీది ముక్క దులుపుకున్నాడు. పద్దెనిమిది మంది ఖాతాదారులు పైకప్పు చూడటం మానేసి అతన్ని చూశారు. డబ్బు మాది కాదు అని బ్యాంకు మేనేజరు క్యూ ముందు ఎలా అంటాడు?

"డబ్బు మాదేనండీ" అన్నాడు.

"అయితే అదే ఇవ్వండి. ఆమెకే ఇచ్చి రసీదు తీసుకోండి, నేను వెళ్లిపోతాను."

నోట్ల పెట్టెది టైము తాళమట, గంటసేపు ముందు నొక్కితే గానీ తెరుచుకోదు. చేతికందేది చిల్లర ఒక్కటే. లోరెయిన్ పౌండు బిళ్లల సంచులు తెచ్చి పేర్చసాగింది. ఇరవై బిళ్లల సంచులు నూట ఆరు, పైన ఏడు బిళ్లలు. ప్రతి సంచీని తక్కెడలో పెట్టి తూచాలి, అది రూలు. ఓ సంచీలోంచి ఇసుక రాలింది. "ఇవి నీవే మ్యూరియలమ్మా" అంది లోరెయిన్. "ఈ ఊళ్లో ఇసుకతో డబ్బు వేసేది నువ్వొక్కదానివే."

పన్నెండు యాభై ఐదు. నేను బండి ఇంకా ఉందా అని వెనక్కి తిరిగాను. బండి ఉంది, థ్రెల్‌ఫాల్ అందులో లేడు. టోపీ చేత పట్టుకుని బ్యాంకులో, క్యూ చివర నిలబడి ఉన్నాడు. అతని ముందు పదిమందికి పైగా ఉన్నారు. ఎప్పుడొచ్చాడో ఏమో. బయట వాన మొదలైంది. బండి వెనక తలుపు సరిగ్గా వేసినట్టు లేదు, హ్యూబర్ట్ తాపీగా దిగి, గుమ్మం దాటి లోపలికి వచ్చి, ఎప్పుడూ నిలబడే చోట నిలబడ్డాడు. అది శుక్రవారం కదా. ఎవరూ ఏమీ అనలేదు. హ్యూబర్ట్ క్యూ తోసుకు రాలేదు మరి.

"థ్రెల్‌ఫాల్ గారూ" అని అరిచాను. "టైమవుతుంటే ముందుకు రావచ్చు కదండీ?"

"ఆవిడ పనిలో ఉన్నారు కదా" అన్నాడు. "మధ్యలో వెళ్తే బావుండదని."

మ్యూరియలమ్మ రసీదు మీద సంతకం పెట్టి, పెంబర్టన్‌కు శ్రమ ఇచ్చినందుకు క్షమాపణ చెప్పి, ముప్పై రెండు సంచులు నా చేతుల మీద పేర్చింది. అవి మోసుకుంటూ ఆమె వెనకే క్యూ చివరికి వెళ్లాను. అంత బరువు నేను క్రిస్మస్ పార్సిళ్లలో కూడా మోయలేదు.

"ఆరువందల నలభై ఉన్నాయి, చూసుకోండి" అంది.

"తొందరేం లేదండీ" అన్నాడు థ్రెల్‌ఫాల్, కార్న్‌వాల్ బండి బయట పెట్టుకుని. సంచులు మాత్రం ఒక్కొక్కటే తీసుకుని కోటు జేబుల్లో వేసుకున్నాడు. జేబులు మోకాళ్ల దాకా సాగాయి.

మ్యూరియలమ్మ హ్యూబర్ట్ మెడ చుట్టూ చెయ్యి వేసింది. వాడి టోపీ సరిచేసింది. ఆ ధైర్యంతోనో ఏమో, ఎనిమిదేళ్లలో అడగనిది అప్పుడు అడిగేసింది.

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. నా చెక్కు ఎప్పుడూ గురువారమే ఎందుకు వేస్తారండీ?"

థ్రెల్‌ఫాల్ చెవులు ఎర్రబడ్డాయి. "నేను ఊళ్లోకి వచ్చేది గురు, శుక్రవారాలండీ. శుక్రవారం మీరు ఇక్కడ చిల్లర వేస్తుంటారు. మీ చెక్కు పట్టుకుని నేను మీ వెనకే నిలబడితే, బాకీ కోసం వెంటపడ్డట్టు ఉంటుంది కదా. మీ మనసు కష్టపెట్టుకుంటారని గురువారం వచ్చేవాణ్ని."

"తిరిగొచ్చినప్పుడు చెప్పొచ్చు కదా."

"ఎలా చెప్పనండీ? మళ్లీ వేసుకునేవాణ్ని. నాకూ ప్రతిసారీ నాలుగు పౌండ్లు కోసేవాళ్లు."

నేను సంచులు లేని చేతులు చూసుకున్నాను. అరవై ఒక్క కవర్లు ఆమె తలుపులోంచి తోసింది నేనే. ఆయన ఇంటికి వేరే పోస్ట్‌మాన్, లేకపోతే అవీ నా చేత్తోనే వేసేవాణ్నేమో. ఈ దేశంలో బ్యాంకులు ఊరికే బతుకుతున్నాయా అనిపించి చెడామడా తిట్టాలనుకున్నాను. ఎవర్ని తిట్టాలో తెలియక ఊరుకున్నాను.

"మీరూ తిరిగి అడగొచ్చండీ" అన్నాను చివరికి. "ఉత్తరం నేను రాసిస్తాను."

"అబ్బే, వాళ్లకు శ్రమ ఎందుకు?" అన్నాడు థ్రెల్‌ఫాల్.

మ్యూరియలమ్మ కళ్లు తుడుచుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కౌంటరు మీద మిగిలిన డబ్బు చూసింది. నేను కట్టిన నూట డెబ్బై ఐదూ పోను పదమూడువందల పన్నెండు. అంత చిల్లర ఇంటికి మోయడం దేనికి, ఖాతాలో వేసేస్తానంది.

"ఈ బ్యాంకులోనేనా? ఇంత జరిగాక? ఎదురుగా ఇంకో బ్యాంకు ఉంది కదమ్మా."

"ఉంది నాయనా. హ్యూబర్ట్ ఆ గుమ్మం ఎక్కడు."

సంచులు అక్కడే కౌంటరు మీద ఉన్నాయి, లోరెయిన్ చెయ్యి చాపితే అందుతాయి. కానీ రసీదు పని అయిపోయింది, ఇది కొత్త పని. కాబట్టి మ్యూరియలమ్మ మళ్లీ క్యూ చివర నిలబడింది. ఆమె పక్కన హ్యూబర్ట్. థ్రెల్‌ఫాల్ ఆమెకు చోటిచ్చి వెనక నిలబడ్డాడు. ఒంటిగంట దాటిపోయింది. కార్న్‌వాల్‌కు ఫోను చేసి గాడిదకు ఒంట్లో బాగాలేదని చెబుతానన్నాడు, రావట్లేదని చెబితే వాళ్లు బాధపడతారని.

"బయట వాన పెద్దదయ్యేట్టుంది" అన్నాడు కాసేపాగి.

"మొక్కలకు మంచిదే" అంది ఆమె.

క్యూ రెండడుగులు జరిగింది. థ్రెల్‌ఫాల్ లోపలి జేబులోంచి మడతలు పడ్డ చెక్కు ఒకటి తీశాడు. ఆ సోమవారం ఆమె రాసిచ్చినదే. నిన్న గురువారం వేయకుండా ఎందుకు ఆగాడో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. దాన్ని ఆమె భుజం పక్కనుంచి కొంచెంగా చూపించాడు.

"మ్యూరియల్ గారూ, మీకేమీ ఇబ్బంది లేకపోతే, ఇది ఇవాళ వెయ్యనా?"

"వెయ్యండి" అంది మ్యూరియలమ్మ. "ఇవాళ డబ్బుంది."